డాక్టరు గారి సంతకం

1937 నవంబరు. రాత్రిపూట కడప స్టేషనులో మద్రాసు మెయిలు కోసం నిలబడి ఉన్నారు మీరు. సాయంత్రం ఒక జల్లు పడి వెలిసింది. తడిసిన ఎర్రమట్టి వాసన పట్టాల మీదుగా వస్తోంది. పక్కన బెంచీ మీద తలకు రుమాలు చుట్టుకున్న పెద్దాయన జొన్నరొట్టె మూట విప్పుకున్నాడు. ఉల్లిగడ్డను పిడికిలితో ఒక్క దెబ్బకు చితక్కొట్టి, ఎర్రకారంలో అద్దుకుని తింటూ మిమ్మల్ని పలకరిస్తాడు.

"యాడికి సామీ, మద్రాసుకా?"

"ఔను పెద్దాయనా."

"హైకోర్టు పనా, పెద్దాసుపత్రి పనా?"

ఈ రెండూ కాక మూడో పని ఉంటుందని ఆయనకు తోచదు. తోచకపోవడంలో తప్పేమీ లేదు. కడప, కర్నూలు, అనంతపురం నుంచి రైలెక్కి మద్రాసు పోయేవాళ్ళలో ఎక్కువమంది చేతిలో భూమి దస్తావేజులుంటాయి, లేదంటే పక్కన మంచం పట్టిన మనిషి ఉంటాడు. కానీ ఈ నెలలో కొందరు పెద్దమనుషులు మూడో పని మీదే మద్రాసు చేరుతున్నారు. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం వస్తే అందులో సీమ గతేమిటి అన్నది తేల్చుకోవడం ఆ పని. ఆ కాగితం మీద సంతకం చేయబోయేవారిలో ఒకాయన డాక్టరు. స్టెతస్కోపు పక్కన పెట్టి ఇరవయ్యేళ్ళు దాటింది. అయినా బందరులో ఆయన డాక్టరు గారే.

బండి వచ్చింది, ఎక్కండి. దారిలో మాట్లాడుకుందాం.

ఈ మెయిలు నడిచే నేలకు పేరు పెట్టి సరిగ్గా తొమ్మిదేళ్ళు. 1800లో నిజాం ఈ జిల్లాలను కుంఫిణీకి అప్పగించాడు. అప్పటినుంచి వీటిని దత్తమండలాలు అన్నారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన సొత్తు అన్నమాట. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దత్తమండలాల వాళ్ళు అక్కడే తమ సభ కూడా పెట్టుకున్నారు. అధ్యక్షుడు కడప కోటిరెడ్డి, బారిస్టరు. చిలుకూరి నారాయణరావు లేచి ఆ పాత పేరు వద్దు, రాయలసీమ అందాం అన్నారు. సభ ఒప్పుకుంది.

పేరు మారితే కడుపు నిండదు గదా. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. డెల్టాలో వరి పండింది. వరి వెనక డబ్బు, డబ్బు వెనక కాలేజీలు, పత్రికలు, ప్లీడర్లు వరసగా వచ్చారు. సీమకు కూడా ఒక కాలువ వచ్చిందండోయ్. సుంకేసుల దగ్గర తుంగభద్రకు అడ్డంకట్టి, నంద్యాల మీదుగా కడప దాకా మూడు వందల కిలోమీటర్ల పొడవున మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860లలో తవ్విన కర్నూలు–కడప కాలువ అది. పడవలు నడుస్తాయి, లాభాలొస్తాయి అని ఇంగ్లండులో వాటాలు అమ్మి తవ్వారు. పడవలూ సరిగా నడవలేదు, లాభాలూ రాలేదు. 1882లో సర్కారు కొనేసింది. కాలువ తవ్విన తరవాతనే 1876–78 ధాత కరువు వచ్చి ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయింది. సీమ రైతుకు కాలువ అనే మాట మీద నమ్మకం లేకపోవడానికి ఇది చాలు.

ఇక మొన్నటి గాయాలు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టారు. బెజవాడా, అనంతపురమా అని తగాదాపడి చివరికి వాల్తేరులో తేల్చారు. సీమ కాలేజీలు మాకొద్దు మీ యూనివర్సిటీ అని మద్రాసు విశ్వవిద్యాలయంలోనే ఉండిపోయాయి. ఈ జులైలో రాజాజీ మంత్రివర్గం ఏర్పడింది. తెలుగువాళ్ళలో ప్రకాశం, వి.వి. గిరి, బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు. సీమ నుంచి ఒక్కరూ లేరు. ఇప్పుడే ఇలా ఉంటే రాష్ట్రం వచ్చాక ఎలా ఉంటుందో అన్నది ఈ రైలు పెట్టెల్లోని గుసగుస. పోయిన నెల బెజవాడలో ఆంధ్ర మహాసభ రజతోత్సవం జరిగింది. కోటిరెడ్డి గారే అధ్యక్షులు. ముందు అనుమానాలు తీర్చుకుందాం, రాష్ట్రం తర్వాత అని అక్కడే ఒక కమిటీ వేసుకున్నారు.

తెల్లవారింది. మద్రాసు. మైలాపూరులో లజ్ దగ్గర శ్రీబాగ్ అనే బంగళా ముందు ఆగుదాం. ఇంటివారు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు. ఆంధ్రపత్రిక నడిపేది ఆయనే, దేశమంతా నుదుటికి రాసుకునే అమృతాంజనం అమ్మేదీ ఆయనే. తెలుగువాళ్ళ తలనొప్పిని కూడా ఆయన ఇంట్లోనే వదిలించుకుందామని అందరూ వచ్చినట్టుంది.

లోపలికి రండి. ఖద్దరు లాల్చీలు, పైపంచలు. కొండా వెంకటప్పయ్య గారు పెద్దవారు, గుంటూరు. కడప నుంచి కోటిరెడ్డి. అనంతపురం నుంచి కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు. హాలహర్వి సీతారామరెడ్డి కూడా ఉన్నారు. ఆయన ఇంటిపేరులోని ఊరు ఆలూరు తాలూకా, ఇప్పటికి బళ్ళారి జిల్లా. ఎల్. సుబ్బరామిరెడ్డి, ఆర్. వెంకటప్పనాయుడు. ఆ మూల కూర్చున్నది భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఇంకో ఎనిమిది రోజుల్లో యాభై ఏడు నిండుతాయి.

ఆయన సంగతి కొంచెం చెప్పుకోవాలి. 1880లో గుండుగొలనులో పుట్టారు. ఏలూరు దగ్గరి పల్లె. చిన్నప్పుడే తండ్రి పోయాడు, ఇంట్లో కలిమి లేదు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో బి.ఏ. చేసి, వైద్య కళాశాలలో చేరి ఎం.బి.సి.ఎం. పూర్తి చేశారు. 1906 ప్రాంతంలో బందరు వచ్చి ప్రాక్టీసు పెట్టారు.

ఆ కాలపు బందరు డిస్పెన్సరీ ఒకటి ఊహించుకోండి. సముద్రం గాలికి తలుపు బందులు తుప్పు పట్టి కిర్రుమంటాయి. బల్ల మీద వరసగా రంగురంగుల మిక్చర్ సీసాలు. కాంపౌండరు ఒక కాగితం ముక్కను నిలువుగా మడిచి, కత్తెరతో అంచున పళ్ళు పళ్ళుగా కత్తిరించి సీసాకు జిగురుతో అంటిస్తాడు. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. అక్షరం రాని రోగి కూడా ఆ పళ్ళు చూసుకుని ఇక్కడి దాకా పొద్దున, ఇక్కడి దాకా రాత్రి అని తాగుతాడు. చలిజ్వరానికి క్వినైను, దాని చేదుకు మూతి వంకర. డాక్టరు చీటీ రాసి కింద సంతకం గీకితే చాలు, మిగతాది కాంపౌండరు చూసుకుంటాడు.

పట్టాభి గారికి ప్రాక్టీసు బాగానే సాగింది. డబ్బు కూడా వచ్చింది. అయినా మనసంతా బయటే ఉండేది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావులతో కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల నిలబెట్టారు. 1915లో కృష్ణా జిల్లా సహకార బ్యాంకు. ఆ మరుసటి ఏటికి ప్రాక్టీసుకు నమస్కారం. 1919లో జన్మభూమి అనే ఇంగ్లీషు వారపత్రిక. 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు. తర్వాత ఇన్సూరెన్సు కంపెనీలు. జిల్లాలో డబ్బు ఎక్కడ ఆగిపోతోందో నాడి పట్టి చూసే మనిషి ఆయన. 1917 కలకత్తా కాంగ్రెసులో ఆంధ్రులకు వేరే కాంగ్రెసు శాఖ కావాలని పట్టుబట్టారు. గాంధీజీ ఆగమన్నా, తిలక్ ఒప్పుకున్నారు. మరుసటి ఏడాది ఆంధ్ర శాఖ వచ్చింది. జ్ఞాపకశక్తి అమోఘం. రెండేళ్ళ కిందట, 1935లో, కాంగ్రెసు చరిత్రను లావుపాటి పుస్తకంగా రాసి పడేశారు. తేదీలూ తీర్మానాలూ ఆయన నోటి చివర ఉంటాయి. అందుకే మాటల్లో అవతలివాడికి సందివ్వడని పేరు కూడా ఉంది.

ఇవాళ నవంబరు 16. వాదనలు అయిపోయాయి. కాగితం బల్ల మీద ఉంది. భుజం మీదుగా వంగి చదవండి, ఎవరూ ఏమీ అనరు.

మొదట చదువు. వాల్తేరులో విశ్వవిద్యాలయం ఒక కేంద్రంగా ఉంటుంది, అనంతపురంలో రెండో కేంద్రం పెడతారు. తర్వాత నీళ్ళు. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళ వాడకంలో పదేళ్ళపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకూ నెల్లూరుకూ ముందు వంతు. శాసనసభలో సీట్లు జిల్లాకింత అని సమానంగా. చివర రాజధాని, హైకోర్టు. అన్నీ ఒకేచోట పోగెయ్యొద్దు. విశ్వవిద్యాలయం ఉన్నచోటే ఉండనివ్వండి. మిగతా రెండింటిలో ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో. ఏది కావాలో కోరుకునే హక్కు సీమది.

ఈ కాగితంలో జనం నోట నానేది చివరి షరతే. రాజధాని అంటే అందరికీ తెలుస్తుంది, ఫోటో తీయొచ్చు. అసలు ప్రాణమంతా రెండో షరతులో, ఆ పదేళ్ళ మాటలో ఉందని నా అభిప్రాయం. పదేళ్ళు నీళ్ళు ముందు పారితే రాజధాని ఎక్కడున్నా సీమ బతుకుతుంది. నీళ్ళు రాకపోతే కర్నూలులో సెక్రటేరియట్ కట్టినా పత్తికొండ రైతు ఆకాశం వంకే చూడాలి.

డాక్టరు గారు సంతకం పెట్టారు. సిరా ఆరనివ్వండి.

ఒక చిక్కుంది. బందరు డిస్పెన్సరీలో ఆయన సంతకం చేస్తే మందు కలిపేందుకు కాంపౌండరు ఉన్నాడు. శ్రీబాగ్‌లో పెట్టిన సంతకానికి కాంపౌండరు లేడు. ఇది పెద్దమనుషుల మధ్య ఒప్పందం. చట్టం కాదు, ప్రభుత్వ ఉత్తర్వు కూడా కాదు. దీన్ని చట్టంలో కలపగలిగిన చోటు చట్టాలు చేసే సభ ఒక్కటే. ఆ చోటికి డాక్టరు గారు వెళ్ళేసరికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ తొమ్మిదేళ్ళు తొందరగా దాటేద్దాం. 1939 జనవరి 29న కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో గాంధీజీ నిలబెట్టిన పట్టాభి సుభాష్ బోసు మీద ఓడిపోయారు. 1580 ఓట్లకు 1377. ఆ ఓటమి నాదేనన్నారు గాంధీజీ. దేశమంతా ఈనాటికీ పట్టాభిని ఆ ఒక్క వాక్యంతోనే గుర్తుపెట్టుకుంటుంది, పాపం. 1942 ఆగస్టులో వర్కింగ్ కమిటీతో పాటు పట్టుకుపోయి అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. నెహ్రూ, పటేల్, ఆజాద్ అంతా అక్కడే. దాదాపు మూడేళ్ళు. జైల్లో డైరీ రాసుకున్నారు, బయటికొచ్చాక అచ్చయింది.

1946 డిసెంబరు 9, ఢిల్లీ. చలి ఎముకల్లో దిగుతోంది. గుండ్రటి హాల్లో అర్ధచంద్రాకారంగా బెంచీలు, గోడల మీద వైస్రాయిల పటాలు ఉండాల్సిన చోట ఖాళీలు. రాజ్యాంగసభ మొదటి సమావేశం. ముస్లిం లీగు రాలేదు, వచ్చినవాళ్ళు 207 మంది. ఇంకా తెల్లవాళ్ళ రాజ్యమే, వైస్రాయి తన భవనంలోనే ఉన్నాడు. మద్రాసు వరసల్లో తెలుగు ముఖాలు వెతకండి. పట్టాభి సీతారామయ్య, ప్రకాశం, దుర్గాబాయి, రంగా. అనంతపురం నుంచి కల్లూరు సుబ్బారావు, నీలం సంజీవరెడ్డి. కర్నూలు నుంచి ఎస్. నాగప్ప. దళితుడు, సభలో లేచాడంటే కూలివాడి సంగతి ఎత్తకుండా కూర్చోడు. శ్రీబాగ్ కాగితం మీద సంతకాలు చేసినవాళ్ళు ఈ హాల్లోనూ ఉన్నారు. బందరు డాక్టరు, అనంతపురం సుబ్బారావు.

శాసనకర్తగా డాక్టరు గారు తీరిగ్గా కూర్చోలేదు. 1947లో ఢిల్లీ, అజ్మీరు లాంటి కేంద్రం చేతిలోని ప్రాంతాలకు ఎలాంటి పాలన ఉండాలో చెప్పే కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఢిల్లీకి లెఫ్టినెంట్ గవర్నరూ ఉండాలి, శాసనసభా ఉండాలి అన్నారు. తర్వాతి కాలంలో ఢిల్లీలో ఆ ఇద్దరి మధ్య నడిచిన జగడం తలుచుకుంటే మన బందరు డాక్టరు గుర్తుకు రావాలి. 1948లో రెండోసారి పోటీ చేసి కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. ఆ డిసెంబరులోనే ధార్ కమిషను భాషా రాష్ట్రాలు వద్దంది. జైపూరు కాంగ్రెసు మళ్ళీ చూడమని ముగ్గుర్ని వేసింది. జవహర్‌లాల్, వల్లభాయ్, పట్టాభి. పేర్ల మొదటి అక్షరాలతో జె.వి.పి. కమిటీ. మూడు దశాబ్దాలుగా ఆంధ్ర రాష్ట్రం కోసం వాదించిన మనిషి ఇప్పుడు న్యాయమూర్తి కుర్చీలో కూర్చున్నాడు. 1949 ఏప్రిల్‌లో వాళ్ళిచ్చిన తీర్పు ఏమిటంటే, మద్రాసు నగరం మీద ఆశ వదులుకుంటే ఆంధ్ర రాష్ట్రం ఇవ్వొచ్చు. ప్రకాశం గారు మండిపడ్డారు. సీమవాళ్ళు ఇంకో సంగతి చూశారు. మద్రాసు గురించి ఇంత చర్చ జరిగింది, తుంగభద్ర నీళ్ళ గురించి, ఆ పదేళ్ళ గురించి మాత్రం అంత చర్చ లేదు. రాజ్యాంగం రాసే హాల్లో సంతకందార్లు ఉన్నా శ్రీబాగ్ షరతులు చట్టం మెట్లెక్కలేదు. ఎందుకో నాకు అర్థమయ్యేది ఇంతే. రాష్ట్రమే రాని రోజుల్లో రాష్ట్రంలో వాటా గురించి ఎవరు మాట్లాడతారు? తర్వాత చూసుకుందాం అనుకుని ఉంటారు. ఆ 'తర్వాత' వచ్చేటప్పటికి డాక్టరు గారు నాగపూరు రాజభవనంలో మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1952 జులైలో వెళ్ళారు. ఆ డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మద్రాసులో ప్రాణం వదిలారు. నాలుగు రోజుల్లో నెహ్రూ రాష్ట్రం ప్రకటించారు.

కర్నూలు వద్దాం. 1953 అక్టోబరు 1.

ఎటు చూసినా గుడారాలు. తుంగభద్ర, హంద్రి కలిసే చోట ఉన్న చిన్న ఊరు, ఒక కొండారెడ్డి బురుజు, కొన్ని పాత కచేరీలు, ఇరుకు సందులు. దీని నెత్తిన రాత్రికి రాత్రి ఒక రాష్ట్రం వచ్చి పడింది. మద్రాసు నుంచి వచ్చిన గుమాస్తా ఒకడు గుడారంలో మడతబల్ల వేసుకుని కూర్చున్నాడు. గాలి వస్తే గుడ్డ టపటపా కొట్టుకుంటుంది, ఫైళ్ళు లేస్తాయి. ఒక్కో ఫైలు మీద ఒక్కో నాపరాయి ముక్క. మీరు పలకరిస్తే ముందు కాఫీ గురించి ఏడుస్తాడు, తర్వాత అద్దెల గురించి. నిన్నటిదాకా అయిదు రూపాయలకు అడిగేవాడు లేని గది ఇవాళ దొరకదంటాడు. పక్కనున్న ఊరాయన ఊరుకోడు. "మీరొచ్చినంక మాకు కూరగాయల ధర సూడు ఎట్ల లేసిందో" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

జనం బాట మీద రెండు వైపులా కిక్కిరిసి ఉన్నారు. నెహ్రూ వచ్చారు. చందూలాల్ త్రివేది గవర్నరు, ప్రకాశం ముఖ్యమంత్రి, సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. రాజధాని బెజవాడలోనో గుంటూరులోనో ఉండాలని కమ్యూనిస్టులు గట్టిగా పట్టుబట్టారు. ఎమ్మెల్యేల లెక్కలు, ఎత్తులు అన్నీ అయ్యాక కర్నూలు అన్నారు, తాత్కాలికం అని ఒక తోక తగిలించి. అప్పుడు చేతిలో పట్టుకుని వాదించడానికి పనికొచ్చింది శ్రీబాగ్ కాగితమే. హైకోర్టు గుంటూరుకు, రాజధాని సీమకు. పదహారేళ్ళ కిందటి సంతకాల్లో ఒక షరతు చెల్లింది.

అదే రోజు ఇంకొకటి జరిగింది. చప్పట్లలో చాలామందికి వినపడలేదు. బళ్ళారి జిల్లాలో ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, మిగిలింది మైసూరుకు పోయింది. బళ్ళారి పట్నం పోయింది. దానితో హోస్పేట కూడా పోయింది. హోస్పేట పక్కనే తుంగభద్ర డ్యాము. ఆ ఏడాదే జులైలో కాలువలకు నీళ్ళు వదిలారు. సీతారామరెడ్డి గారి హాలహర్వి ఆలూరు తాలూకాతో కర్నూలు జిల్లాలో కలిసింది. సీమకు ముందు వంతు రాసిచ్చిన మూడు నదుల్లో మొదటిదాని తాళంచెవి మాత్రం పక్క రాష్ట్రంలో పడింది. ఆదోని, ఎమ్మిగనూరు రైతు దిగువ కాలువ నీళ్ళ కోసం ఇప్పటికీ తుంగభద్ర బోర్డు లెక్కలు చూసుకోవాలి. రాజధాని వచ్చిన రోజే డ్యాము పోయింది.

గుడారాల రాజకీయం ఎక్కువకాలం సాగలేదు. 1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. 1955లో ఎన్నికలు, బెజవాడ గోపాలరెడ్డి ముఖ్యమంత్రి. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదు వెళ్ళింది. మూడేళ్ళ ఒక నెల. అనంతపురానికి రాసిచ్చిన విశ్వవిద్యాలయం సంగతా? 1954లో తిరుపతిలో వెంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టారు. అనంతపురానికి సొంత విశ్వవిద్యాలయం 1981లో గానీ రాలేదు.

కర్నూలుకు మిగిలిందేమిటంటే బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు. ఆటో ఎక్కి "సి క్యాంపు" అనండి, రైతుబజారు దగ్గర దించుతాడు. ఆ క్యాంపు ఎవరిదో, ఎందుకొచ్చిందో అతనికి పట్టదు. 1957లో ఒక వైద్య కళాశాల కూడా వచ్చింది. కడప పెద్దాయన అడిగిన రెండు ప్రశ్నల్లో పెద్దాసుపత్రి ప్రశ్నకు ఇరవయ్యేళ్ళకు జవాబు దొరికింది. హైకోర్టు ప్రశ్న ఇంకా తెగలేదు. 2020లో మూడు రాజధానుల చట్టంలో కర్నూలును న్యాయ రాజధాని అన్నారు, 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. నవంబరు 16 వస్తే మాత్రం సీమ ఊళ్ళలో శ్రీబాగ్ పేరుతో సభలు పెట్టుకుంటారు.

ఇక నీళ్ళు. కొత్త రాష్ట్రం వచ్చిన 1953 నుంచి పదేళ్ళు లెక్కపెట్టుకుంటూ పోదాం. కృష్ణను సిద్ధేశ్వరం దగ్గర ఆపి, సీమ మీదుగా పెన్నకు కలిపే కృష్ణా–పెన్నార్ పథకం అప్పటికే ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం చేతిలో ఉంది. నీళ్ళు అరవదేశానికి పోతాయని కోస్తావాళ్ళు ఎదురు తిరిగారు. ఆ భయం ఉత్తది కాదు, అప్పటి ప్లానులో అవి పోయేది అటే. కానీ దానితో సీమ వాటా కూడా కొట్టుకుపోయింది. ఆ పథకాన్ని పరిశీలించిన ఖోస్లా కమిటీ ఆనకట్టకు నందికొండ మేలంది. 1955 డిసెంబరు 10న నెహ్రూ అక్కడ నాగార్జునసాగరానికి శంకుస్థాపన చేశారు. ఏలేది కర్నూలు నుంచి, పారేది గుంటూరుకు. 1959 డిసెంబరు 17న పట్టాభి గారు కన్నుమూశారు. పదో ఏట, 1963 జులైలో, నెహ్రూ మళ్ళీ వచ్చారు. ఈసారి కర్నూలు జిల్లాలోనే, శ్రీశైలం దగ్గర. ఆ డ్యాము కరెంటు కోసం. మునిగింది మాత్రం ఆ చుట్టుపక్కల పల్లెలు.

చివరగా పోతిరెడ్డిపాడు పోదాం. కర్నూలు నుంచి ఆత్మకూరు దోవలో వచ్చి పక్కకు తిరిగితే శ్రీశైలం జలాశయం వెనక నీళ్ళు కనపడతాయి. ఒడ్డున గేట్ల వరస, కింద నున్నగా కాంక్రీటు కాలువ. ఈ గేట్ల వెనకా ఒక డాక్టరే ఉన్నాడు. సీమలో డాక్టరు–ఎమ్మెల్యే అంటే ఎవరూ బందరు వైపు చూడరు. జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రిలో పనిచేసి, పులివెందులలో ఆసుపత్రి పెట్టి, 1978లో ఎమ్మెల్యే అయిన రాజశేఖరరెడ్డిని చూస్తారు. 2005లో ముఖ్యమంత్రిగా ఈ గేట్ల సామర్థ్యాన్ని 11,150 క్యూసెక్కుల నుంచి 44,000కు పెంచే ఉత్తర్వు ఇచ్చింది ఆయన ప్రభుత్వమే. తెలంగాణ నుంచి అప్పుడూ ఇప్పుడూ అభ్యంతరాలే, కోస్తా నుంచి అప్పట్లో నిరసనలు. మనకు నచ్చినా నచ్చకపోయినా ఈ డాక్టరు సంతకానికి కింద ప్రభుత్వ ముద్ర ఉంది.

గేటు దగ్గర లస్కరు గట్టు మీద కూర్చుని ఫోను మాట్లాడుతున్నాడు. కడప వైపు నుంచి ఎవరో రైతు. మీరు దగ్గరికి పోయేసరికి పెట్టేస్తాడు.

"ఏమన్నా, గేట్లెప్పుడు ఎత్తుతారంట?"

"మట్టం సూడు సామీ. ఎనిమిది వందల నలభై ఒకటికి దిగువుంటే సుక్క గూడా రాదు. ఎనిమిది వందల యాభై నాలుగు దాటితే కొంచెం గుంజొచ్చు. నిండుగా గుంజాలంటే ఎనబై దాటాల. పైన కర్నాటకలో వాన పడాల, ఆల్మట్టి నిండాల, జూరాల నిండాల, అప్పుడు గదా మనకు. కిందోళ్ళు కరెంటుకని వదిలేస్తే మల్లా దిగిపోతది. పొద్దన్నించి ఇది పదో ఫోను. అందరికీ ఇదే సెప్తాండా."

ఫోను మళ్ళీ మోగుతుంది.